పిల్లల టీకా మీద మొగుడూ పెళ్ళాల తగువు: ముందు సీసా మీద పేరు చూడండి

కోవిడ్ టీకా మాటెత్తితే మా నెల్లూరు, ఒంగోలు వైపు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ రెండు పార్టీలే. "నన్నడక్కుండా పిల్లోడికి ఎందుకు వేయించావ్?" అని ఆయన, "బడివాళ్ళు వేయించమన్నారు, వేయించా" అని ఆమె. కొన్నిచోట్ల వేయించింది ఆయన, అడిగేది ఆమె. ఎటు తిప్పినా ఈ తగువులో వినబడే మాటల్లో సగం మన పిల్లలకు వేసిన మందు గురించి కానే కావు.

మన దగ్గర 2022 జనవరి 3 నుంచి 15–18 ఏళ్ళవాళ్ళకు వేసింది కోవాగ్జిన్ ఒక్కటే. మార్చి 16 నుంచి 12 నిండిన చిన్నవాళ్ళకు కోర్బెవాక్స్. రెండూ హైదరాబాదు కంపెనీల తయారీ. రెండింటికీ జబ్బ కండలోకి అర మిల్లీలీటరు, 28 రోజుల ఎడంతో రెండు డోసులు. కోవాగ్జిన్‌లో ఉండేది చంపేసిన వైరస్. కోర్బెవాక్స్‌లో ఉండేది వైరస్ పైన ఉండే ముల్లులోని చిన్న ప్రొటీన్ ముక్క. 12 లోపు పిల్లలకు 2022 ఏప్రిల్‌లో అనుమతైతే ఇచ్చారు గానీ ప్రభుత్వ కార్యక్రమంలో వేయలేదు.

అమెరికాలో పిల్లలకు ప్రధానంగా వేసింది ఫైజర్ వాళ్ళ ఎంఆర్ఎన్ఏ టీకా, అంటే ఆ ముల్లు ప్రొటీన్‌ను ఒంట్లోనే తయారు చేయించే సందేశం మోసుకెళ్ళే రకం. గుండె కండరానికి వాపు వచ్చిందన్న వార్తలు ఆ రకం టీకావి. ముఖ్యంగా వయసొచ్చిన మగపిల్లల్లో, రెండో డోసు తర్వాత కొద్ది రోజుల్లో, అరుదుగా. అది నిజమే, దాయాల్సిన పనిలేదు. అయితే ఆ రకం టీకా మన పిల్లల కార్యక్రమంలోనే లేదు. డల్లాస్ బావగారు పంపిన వీడియో చూసి కావలిలో ఇంటర్ చదివే పిల్ల గుండె గురించి హడలిపోవడం అనవసరం.

వేయించమనే పార్టీ కూడా తక్కువ తినలేదు. "టీకా వేస్తే కోవిడ్ రాదు" అన్నారు. ఒమిక్రాన్ వచ్చాక ఆ మాట నిలవలేదు. జబ్బు ముదరకుండా చూడటమే దాని అసలు పని. "అమెరికా బడుల్లో కోవిడ్ టీకా తప్పనిసరి" అన్నారు. కాలిఫోర్నియా 2021 అక్టోబరులో అలా ప్రకటించిన మాట వాస్తవం, అమలు చేయకుండానే 2023 ఫిబ్రవరిలో వదిలేసింది. అక్కడ బడిలో చేరడానికి అడిగేది పోలియో, తట్టు, కోరింతదగ్గు లాంటి పాత టీకాలు. ఇంకొకటి, కోవాగ్జిన్‌ను పిల్లల్లో పరీక్షించింది 525 మంది మీద. వేలల్లో ఒకరికి వచ్చే ఇబ్బంది అంత చిన్న పరీక్షలో బయటపడదు. ఆ సంగతి అడిగిన తండ్రిని మూర్ఖుడనడం అన్యాయం. (2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య నాటుమందు కోసం బారులు తీరినప్పుడు మాత్రం ఈ ప్రశ్న ఎవరూ పెద్దగా వేయలేదు, అది వేరే సంగతి.)

ఇక బడి బలవంతం. సంక్రాంతి సెలవులు పొడిగించకుండా 2022 జనవరి 17న మన రాష్ట్రంలో బడులు తెరిచారు. పక్కన తెలంగాణలో పొడిగించారు. అప్పుడే కేసులు పెరగడం, అప్పుడే పిల్లల టీకా మొదలవడం. "రేపు టీకా, ఆధార్ జిరాక్స్ పంపండి" అని ఫోన్లో వచ్చే రెండు ముక్కలు అడగడం లాగా ఉండవు, హుకుం లాగానే ఉంటాయి. కానీ చట్టంలో తప్పనిసరి అన్నది ఎక్కడా లేదు. ఎవరికీ బలవంతంగా టీకా వేయబోమని కేంద్రం ఆ జనవరిలోనే సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. 2022 మే 2న కోర్టు కూడా ఎవరినీ బలవంతపెట్టరాదంది. అదే తీర్పులో, పిల్లలకు టీకా వేయాలన్న విధానం ప్రపంచ శాస్త్రవేత్తల అభిప్రాయానికి అనుగుణంగానే ఉందనీ అంది, పిల్లల పరీక్షల వివరాలు బయటపెట్టమనీ చెప్పింది. ఎవరికి నచ్చిన సగం వాళ్ళు చదువుకుంటున్నారు.

బడి తీసుకోవాల్సింది అమ్మానాన్నల సంతకం. హాస్టల్ వార్డెన్‌దీ, హెడ్మాస్టర్‌దీ చెల్లదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా కాగితాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టారని తేలింది. ఆ కార్యక్రమం 2010లో ఆగిపోయింది. అంగీకార పత్రంలో టీకా పేరు, వేసే తేదీ, బిడ్డ పూర్తి పుట్టినతేదీ, ఇదివరకు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చాయా అన్నది ఉండాలి. మొగుడు గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉంటే తల్లి సంతకం చాలదంటారు కొందరు. హిందూ చట్టంలో తండ్రి అందుబాటులో లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఇంట్లోనే ఉండి ఒకరు వద్దంటే, ఆ పిల్లవాణ్ణి ఆ రోజుకు పక్కన పెట్టడమే టీకా వేసే ఏఎన్ఎం అమ్మకు క్షేమం. ఇదేమీ కుక్కకాటు సూది కాదు, వారం ఆలస్యమైతే కొంప మునగదు.

పుట్టినతేదీ పూర్తిగా ఎందుకంటే, టీకా నమోదు చేసిన ప్రభుత్వ వెబ్‌సైటు కోవిన్‌లో అప్పట్లో ఎక్కింది పుట్టిన సంవత్సరమే. 2010 అని కొడితే తీసుకునేది. 2010 డిసెంబరులో పుట్టిన బిడ్డకు 2022 మార్చికి 12 నిండవు. అది చూడాల్సింది టీకా వేసే మనిషి. చిన్న తరగతుల్లో తేడా వచ్చేది ఇక్కడే.

బడిలో టీకా రోజు కంగారు పుట్టించేది కళ్ళు తిరిగి పడిపోవడం. దానికి చాలాసార్లు కారణం మందు కాదు, భయం. పొద్దున ఏమీ తినకుండా వచ్చి, ముందున్నవాడి జబ్బలో సూది దిగడం చూస్తూ ఎండలో వరుసలో నిలబడితే ఒకరు పడతారు, చూసి ఇంకో నలుగురు పడతారు. పరదా కట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలవాలి. కూర్చోబెట్టి వేయాలి, తర్వాత అరగంట అక్కడే ఉంచాలి. పడినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే కాసేపట్లో తేరుకుంటాడు. ఒళ్ళు చల్లబడి, పాలిపోయి, నాడి నెమ్మదిగా కొట్టుకుంటే అది భయమే. దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు, నాడి వేగం కనబడితే మాత్రం ఎలర్జీ. అప్పుడు నీళ్ళు చల్లుతూ కూర్చోకుండా టీకా వేసే మనిషి తొడ కండలోకి అడ్రినలిన్ సూది వేసి 108కి ఫోన్ కొట్టాలి.

కోవాగ్జిన్ వేశాక కొన్ని కేంద్రాల్లో పిల్లలకు పారాసిటమాల్ 500 బిళ్ళలు మూడేసి చేతిలో పెట్టారు. మా టీకాకు అవి అక్కర్లేదని కంపెనీయే 2022 జనవరిలో చెప్పింది. జ్వరం వస్తే బరువును బట్టి డాక్టరు చెప్పినంత వేయాలి గానీ ముందుజాగ్రత్తగా మింగించకూడదు.

కోవిడ్ మీద పుట్టిన అనుమానాన్ని బడిలో వేసే టీడీ మీదికి లాక్కురావడం దండగ. పదేళ్ళకొకటి, పదహారేళ్ళకొకటి, ధనుర్వాతానికీ కంఠసర్పికీ కలిపి వేసే సూది అది. దానికి కోవిడ్‌తో సంబంధం లేదు. బడి నుంచి "రేపు టీకా" అని మెసేజ్ వస్తే, ఏ టీకా అని మీ ఊరి ఏఎన్ఎంను అడగండి. వేయించాక తేదీ కార్డు మీద రాయించుకోండి. రేపు పిల్లవాడు మేకు తొక్కి వచ్చినప్పుడు మళ్ళీ సూది కావాలో వద్దో డాక్టరు ఆ తేదీ చూసే చెబుతాడు.