కందిబేడంత వెలుగు

పాకాల దగ్గర మా ఊరు. గాదంకి మాకు ఎంతో దూరం కాదు. అక్కడి రాడార్ కేంద్రంలో 1998లో లైడార్ పెట్టారు, లేజర్ కాంతిని పైకి పంపి గాలిని పరిశీలించే పరికరం. మబ్బులేని రాత్రుల్లో ఆకుపచ్చటి గీత ఒకటి నేల మీంచి నిట్టనిలువుగా ఆకాశంలోకి పోయేది. మిద్దె మీద పడుకుని దాన్ని చూస్తూనే నిద్రపోయేవాణ్ణి. ఆ లైటు వల్లే మబ్బు చెదిరిపోయి వానలు పడటం లేదని మా తాత వాదన. నిజానికి మబ్బు పడితే వాళ్ళే లేజర్ ఆపేస్తారు. ఆ సంగతి నాకు తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివేటప్పుడు తెలిసింది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి, పైన గాలిలో ధూళికి తగిలి వెనక్కొచ్చే ఆ కాసింత వెలుతురును పట్టుకోవడానికి కింద ఒక టెలిస్కోపు. తాతకు చెబుదామంటే అప్పటికే ఆయన లేడు.

2018లో జర్మనీ పోయాను, యేనా అనే ఊరికి, ఫోటానిక్స్, అంటే కాంతిని పనిలో పెట్టే శాస్త్రం, చదవడానికి. ఫీజు పెద్దగా లేదు గానీ, బతకడానికి డబ్బుందని చూపించాల్సి వచ్చింది. అప్పట్లో నెలకు 720 యూరోల లెక్కన ఏడాదికి 8,640 యూరోలు ముందే బ్యాంకులో కట్టాల్సి ఉండేది. మామిడితోట కుదువ పెట్టాం. ఆ ఏడాది తోతాపురి ధర ఎంతో అడక్కండి.

యేనా అంటే అద్దాల ఊరు. మైక్రోస్కోపుల తయారీకి పేరుపడ్డ కార్ల్ జైస్ 1846లో వర్క్‌షాపు తెరిచింది అక్కడే. మైక్రోస్కోపు ఎంత చిన్నదాన్ని చూపగలదో 1873లో లెక్కగట్టిన ఎర్నెస్ట్ అబ్బే సూత్రాన్ని యూనివర్సిటీ దగ్గర రాతి మీద చెక్కి పెట్టారు. ఆయనే 1900లో జైస్ కంపెనీ కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం తెచ్చాడు. ఆ పుణ్యమో ఏమో, సాయంత్రం అయిదు దాటి ల్యాబులో కనబడితే మా బాసు "ఇంకా ఉన్నావేం" అన్నట్టు చూస్తాడు. కానీ డిసెంబర్‌లో నాలుగుంపావుకే చీకటి. పొద్దున చీకట్లో పోయి, కిటికీల్లేని గదిలో పగలంతా గడిపి, మళ్ళీ చీకట్లో ఇంటికి. రోజంతా కాంతితోనే పని, ఒంటి మీద ఎండ మాత్రం పడదు. రెండో ఏడు డాక్టర్ రక్తం చూసి విటమిన్ డి రాసిచ్చాడు.

లేజర్ గది తలుపు మీద ఎర్రలైటు వెలుగుతుంటే లోపలికి పోకూడదు. పోయేవాళ్ళు వాచీ, ఉంగరాలు తీసేయాలి, మెరిసే లోహానికి కాంతి తగిలి ఎటు తిరుగుతుందో తెలియదు కాబట్టి. నా వేలికి వెంకన్న ఉంగరం, అమ్మ తొడిగింది. మొదటిరోజు సేఫ్టీ ఆఫీసర్ వేలు చూపించి తీయమంది. అప్పట్నుంచీ స్వామి రోజూ ఎనిమిది గంటలు లాకర్లో ఉంటాడు. అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

థీసిస్‌లో నా పని నరాలను కాంతితో తట్టడం. నరాన్ని కదిలించాలంటే కరెంటు పెట్టడం పాత పద్ధతి. దాంతో ఇబ్బంది ఏమిటంటే కరెంటు ఒకచోట ఆగదు. తిరుమలలో తప్పిపోయిన పిల్లాడి పేరు మైకులో చెబితే కాంప్లెక్సులో అందరూ తలతిప్పి చూస్తారే, అట్లా పక్క నరాలూ పలుకుతాయి. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఒక చిన్న లేజర్ పల్సు అయితే దగ్గరికి పోయి ఆ పిల్లాడి భుజం తట్టినట్టు. ఎలుక తొడనరం మీద ఇది పనిచేస్తుందని 2005లో అమెరికాలో చూపించారు. కణాల్లోని నీరు ఆ కాంతిని పీల్చుకుని క్షణంలో వెయ్యోవంతుల కాలంలోనే కాస్త వేడెక్కుతుంది. ఆ వేడికి కణం పొర విద్యుత్ గుణం మారి నరం మేలుకుంటుందని 2012లో కారణం తేల్చారు. వేడి కొంచెం ఎక్కువైతే మేలుకోవాల్సిన నరం కాలిపోతుంది. పలకడానికీ కాలడానికీ మధ్య తేడా చాలా తక్కువ. నా వంతు కాంతిని మోసే సన్నటి ఫైబర్ పోగు కొసను సరిచేసి కాంతి మోతాదు కుదర్చడం. నెలల తరబడి పల్సు తర్వాత పల్సు పంపాను, నరం పలికిందో లేదో చూపే తెరమీది గీత కదిలేది కాదు. తిరుపతిలో కొన్ని బోర్డుల మీద "లేజర్‌తో నరాల జబ్బులు మాయం" అని చదివినప్పుడు నాకు ఆ కదలని గీతే గుర్తొస్తుంది.

చదువయ్యాక అదే ఊళ్ళో ఉద్యోగం. ఈసారి ఆపరేషన్ గదిలో వాడే పరికరం. మెడలో థైరాయిడ్ వెనకాల నాలుగు చిన్న గ్రంథులుంటాయి, పారాథైరాయిడ్లు. ఒక్కోటి కందిబేడంత. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసేది అవే. రంగు చుట్టూ ఉన్న కొవ్వులో కలిసిపోతుంది, ఎంత చేయి తిరిగిన సర్జన్‌కైనా ఏది గ్రంథో ఏది కొవ్వో పోల్చుకోవడం కష్టం. థైరాయిడ్ తీసేటప్పుడు ఇవీ పోవడమో, వీటికి రక్తం అందకపోవడమో జరుగుతుంది. వాటి మీద 785 నానోమీటర్ల లేజర్ వేస్తే, ఏ మందూ ఎక్కించకుండానే, అవి తమంతట తామే పక్క కండ కంటే ఎక్కువగా వెలుగుతాయి. ఆ వెలుగు మన కంటికి ఆనదు, కెమెరాకు మాత్రం తెలుస్తుంది. 2011లో రాశారు ఈ సంగతి. 2018లో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి రెండు పరికరాలకు అనుమతిచ్చింది. మేం చేస్తున్నది ఆ కోవలోదే ఇంకొకటి.

అట్లాంటి రోజుల్లో ఇక్కడ అమ్మకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. బాగా జరిగిందన్నారు. రెండోరోజు వీడియో కాల్‌లో అమ్మ మూతి తుడుచుకుంటూనే ఉంది.

"మూతి చుట్టూ చీమలు పాకతా ఉండాయి నాయనా. వేళ్ళు కొంకర్లు పోతా ఉండాయి."

"డ్యూటీ డాక్టర్ను పిలవమను మా. ఇప్పుడే."

ఫోను పక్కన పెట్టలేదు. డాక్టరమ్మ వచ్చి చెవి ముందర, బుగ్గ మీద వేలితో మెల్లగా తట్టింది. అమ్మ పైపెదవి ఒకవైపు గుంజుకుంది. మళ్ళీ తట్టింది, మళ్ళీ గుంజుకుంది. 1876లో క్వోస్టెక్ అనే వైద్యుడు చెప్పిన గుర్తు అది. రక్తంలో కాల్షియం పడిపోతే నరాలు చిన్న తాకిడికే ఉలిక్కిపడతాయి. నేను అన్ని నెలలు లేజర్లు పెట్టి పలికించలేకపోయిన నరం అక్కడ ఒట్టి వేలికే పలికింది. ఆ గుంజుడు చూసి నేను ల్యాబు కారిడార్లో గోడకానుకుని కూర్చుండిపోయాను. పదడుగుల అవతల గదిలో మేం చేస్తున్న ఆ పరికరం బల్ల మీద ఉంది.

కాల్షియం ఎక్కించారు, తగ్గింది. నేను రాలేకపోయాను. రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌లో ఉంది, చేతిలో ఉన్నది ఒక కాగితం. దాంతో దేశం దాటితే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదోనని టెన్షన్. అత్త వచ్చి వారం ఉంది. సర్జన్‌ను తప్పుపట్టాలని నాకు అనిపించలేదు, ఆయన చేతిలో ఉన్నది రెండు కళ్ళే కదా. నాన్న మాత్రం ఆ ఆసుపత్రి వీధిలోంచి స్కూటర్ పోనివ్వడు.

పోయిన నెల సెలవుకు వచ్చాను. అమ్మ రోజూ కాల్షియం మాత్రలు, విటమిన్ డి వేసుకుంటుంది. నా డబ్బా ఆమె డబ్బా పక్కపక్కనే టీవీ స్టాండు మీద. ఒకరాత్రి కరెంటు పోయింది. ఫోను టార్చి వేస్తే అమ్మ అడిగింది.

"నువ్వు చేసేది ఇట్లా లైటేసే పనేనా? దీనికి అంత దూరం పోవాల్నా?"

ఆమె అరచేయి పట్టుకుని టార్చి కింద నుంచి పెట్టాను. వేళ్ళ సందుల్లో, అంచుల్లో ఎర్రగా వెలిగింది.

"తెల్ల లైటు కదరా, ఎర్రగా ఎట్లొచ్చె?"

నీలం, ఆకుపచ్చ రంగుల్ని రక్తం మింగేస్తుంది, ఎరుపు మాత్రం దాటి వస్తుంది అన్నాను. కరోనా అప్పుడు వేలికి తగిలించారే, ఆ క్లిప్పులో ఉండేదీ ఎర్రలైటే, దాంతోపాటు కనబడని ఇన్‌ఫ్రారెడ్ ఒకటి, ఎరుపు ఎంత దాటింది, అది ఎంత దాటింది అని పోల్చి ఆక్సిజన్ లెక్కగడుతుంది అన్నాను. ఆ క్లిప్పు వెనక లెక్క 1970లలో జపాన్‌లో తకువో అవోయాగి అనే ఇంజనీరు కనిపెట్టాడు అని కూడా. అమ్మ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత అదే చేత్తో మెడ మీది గీత తడుముకుంది.

"ఆ లైటు ఇక్కడ వేసుంటే కనపడేవా అవి?"

"కనపడేవేమో మా."

"ఎంతవుతాదది?"

లక్షల్లో అని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"టార్చి ఆర్పు. చార్జింగ్ అయిపోతాది. మాత్ర వేసుకోవాల, నీళ్ళు పట్టుకురా."