బ్రెయిన్ ఏజ్: మెదడు కంటే ముందు రాత, గొంతు సరిచూసుకోండి

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ నింటెండో డీఎస్‌లో, మెదడు వయసు లెక్కగట్టే ‘బ్రెయిన్ ఏజ్’ ఆట మొదటిసారి ఆడితే ఆ వయసు డెబ్బయ్యో ఎనభయ్యో అని వచ్చినా బెంగపడకండి. అందులో అత్యుత్తమం 20, అధమం 80. మీరు రాసింది, పలికింది మెషీన్‌కి అందకపోయినా ఆ అంకె పెరిగిపోతుంది. అందుకే ముందు ఈ రెండూ చక్కబెట్టుకోవాలి.

డీఎస్‌ని పుస్తకంలా నిలువుగా పట్టుకుంటాం కదా, కుడిచేతి వాటం వాళ్లకి టచ్ స్క్రీన్ కుడివైపు ఉండాలి. ఎడమచేతి వాటమైతే సెట్టింగ్ మార్చేయండి. మీరు గీసిన చోట కాకుండా పక్కన గీత పడుతుంటే, డీఎస్ సెట్టింగ్స్‌లో టచ్ స్క్రీన్ క్యాలిబ్రేషన్ (తాకే చోటు సరిచేయడం) మళ్లీ చేయాలి. కూడికలూ తీసివేతల్లో తప్పులు ఎక్కువగా అంకెలు గజిబిజిగా రాయడం వల్లే వస్తాయి. పెద్దగా, విడివిడిగా రాయండి. 4, 5 రెండు గీతలతో రాసేవాళ్లు మొదటి గీత తర్వాత ఆగకూడదు. ఆగితే అంకె అయిపోయిందనుకుని మెషీన్ ఇంకేదో చదివేస్తుంది.

అసలు తలనొప్పి స్ట్రూప్ టెస్ట్. తెరమీద రంగు పేరు వస్తుంది, మనం చెప్పాల్సింది అక్షరాల రంగు. మన మాట మైక్‌కి అందకపోతే తర్వాతి పదం రాదు, గడియారం మాత్రం ఆగదు. ‘బ్లూ’ దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఎందరో! గట్టిగా అరిస్తే ఇంకా చెడుతుంది. ఫ్యాన్, టీవీ ఆపి, మామూలు గొంతుతో, మొదటి హల్లు స్పష్టంగా వినబడేలా పలకండి. ‘డీఎస్ లైట్’ మోడల్‌లో మైక్ రెండు తెరల మధ్య మడత దగ్గరుంటుంది, అక్కడ వేలు అడ్డుపెట్టకండి. మాట్లాడే వీల్లేని చోట ఉంటే, వీలుందా అని గేమ్ అడిగినప్పుడే లేదని చెప్పేయండి. ఈ టెస్ట్‌ని వదిలేస్తుంది.

రోజుకి మొదటి ఫలితమే గ్రాఫ్‌లోకి ఎక్కుతుంది కాబట్టి ఒకే వేళకి ఆడితేనే పోలిక నిలుస్తుంది. సుడోకు సరదాకే, వయసు లెక్కలోకి రాదు.

ఇంతకీ మెదడు పదునెక్కుతుందా? ఇలాంటి కసరత్తుల మీద 11,430 మందితో చేసిన అధ్యయనం 2010లో ‘నేచర్’లో వచ్చింది. సాధన చేసిన పనుల్లో మెరుగయ్యారు గానీ, ఆ మెరుగు వేరే పనులకి పాకలేదు. కాబట్టి మతిమరుపుకి మందనుకుని కొనకండి. చురుగ్గా లెక్కలు చేసే అలవాటు కోసమైతే మాత్రం నిస్సంకోచంగా కొనండి.

నింటెండో తర్వాతి మెషీన్ ‘స్విచ్’ కోసం వచ్చిన వెర్షన్ తీసుకునేవాళ్లకి ఒక మాట: వేళ్లతో ఆడే ఆటలకి కుడి జాయ్‌కాన్ (విడదీయగల కంట్రోలర్)లోని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కావాలి. ‘స్విచ్ లైట్’ మోడల్‌లో అది లేదు, జాయ్‌కాన్ విడిగా జతచేసుకోవాల్సిందే.