ఈ-రీడర్‌లో తెలుగు: పని ఇంతదాకా వచ్చింది

వేసవి సెలవుల నుంచి ఆరంగుళాల కోబో రీడర్‌లో (ఈ-పుస్తకాలు చదివే పరికరం) తెలుగు పుస్తకాలు హాయిగా చదువుకునేలా ఏర్పాటు చేసుకుంటున్నాను. ఇంగ్లిష్ పుస్తకాలైతే ఎక్కించి చదువుకోవడమే. తెలుగుకి ఫాంటు, వరుసల మధ్య ఎడం, పాత స్కాన్లు అన్నీ మనమే చూసుకోవాలి. అయినా ఆ శ్రమ పడాల్సిందే. మన లిపికి ఈ తెర అంత బాగా నప్పుతుంది.

ముందు తెర సంగతి. ఈ-ఇంక్ తెరలో నలుపు, తెలుపు రేణువులు నిండిన సన్నటి గుళికలుంటాయి. విద్యుత్తు ఏ దిశలో ఇస్తే ఆ రంగు పైకి తేలుతుంది. పేజీ ఒకసారి ఏర్పడ్డాక నిలబడటానికి కరెంటు అక్కర్లేదు, తిప్పినప్పుడే ఖర్చు. అందుకే వైఫై ఆపి ఉంచితే ఒక్క ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన విశాఖవాళ్లకి దీని విలువ చెప్పనక్కర్లేదు.

ఆర్కే బీచ్ ఎండలో ఫోన్ తెర మసకబారిపోతుంది, ఇది మాత్రం ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అరకు రైల్లో సొరంగం తర్వాత సొరంగం వస్తున్నా ఫ్రంట్‌లైట్ తక్కువలో పెట్టుకుంటే చదువు ఆగదు. ఈ వెలుగు అంచుల్లోంచి తెర మీద పడుతుంది, ఫోన్‌లాగా వెనకనుంచి కళ్లలోకి రాదు. రాత్రిపూట పసుపు ఛాయ పెంచుకుంటాను.

నీళ్ల విషయంలో ఒక జాగ్రత్త. నా రీడర్‌కి ఐపీఎక్స్8 రేటింగ్ ఉంది, అంటే 2 మీటర్ల లోతు మంచినీటిలో 60 నిమిషాల వరకు. అందులో ఎక్స్ అంటే దుమ్ముకి రేటింగ్ లేదని. ఇసుకకీ ఉప్పుగాలికీ అది భరోసా కాదు. బీచ్‌కి జిప్ కవర్లో పెట్టి తీసుకెళ్తాను, ఇంటికొచ్చాక ఛార్జింగ్ రంధ్రం పొడిగుడ్డతో తుడిచాకే వైరు పెడతాను.

ఇక తెలుగు. రీడర్‌లో పుస్తకాలు తెరిచే కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాని ఫాంట్స్ ఫోల్డర్లో మండలి, ఎన్టీఆర్, రామభద్ర వేశాను. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి మండలి బాగుంది, రామభద్ర బొద్దుగా ఉంటుంది కాబట్టి శీర్షికలకే. అసలు తేడా తెచ్చింది వరుసల ఎడం. ఇంగ్లిష్‌కి సరిపోయే ఎడంలో ‘రాష్ట్రం’ కింద వేలాడే వత్తులు కింది వరుసలోని గుడులకి తగులుతాయి, కన్ను అక్కడే చిక్కుకుంటుంది. ఈ-పుస్తకాలు సవరించే క్యాలిబర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం తెరిచి, పేజీ రూపం నిర్ణయించే స్టైల్ ఫైల్లో లైన్-హైట్ (వరుసల ఎడం) 1.6 చేశాక వత్తు, గుడి దేనికది విడిగా కనిపించాయి. అక్షరాలు పెంచి నాన్నగారి చేతికిచ్చాను. “కళ్లజోడు లేకుండా కనబడతందిరా” అన్నారు. వేల పుస్తకాలు పట్టడం కంటే నాకు ఇదే పెద్ద లాభం.

జులై అంతా స్కాన్ల మీదే గడిచింది. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ల తర్వాత కాపీరైట్ ముగుస్తుంది కాబట్టి గురజాడ (మరణం 1915) తరం రచనలన్నీ మనవే. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో టైపు చేసినవి నేరుగా ఈపబ్‌గా (అక్షరాల సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకంగా) దిగుతాయి. స్కాన్ పీడీఎఫ్‌లతోనే తంటా. ఆరంగుళాల తెర వెడల్పు దాదాపు 9 సెంటీమీటర్లు, డెమ్మీ సైజు అచ్చు పుస్తకం వెడల్పు 14. పేజీ మొత్తం కుదిస్తే పాత అచ్చు చీమలబారు అయిపోతుంది. మార్జిన్లు కత్తిరించి, రీడర్‌ని అడ్డంగా తిప్పి, పేజీని రెండు మూడు ముక్కలుగా చదివితే పరవాలేదు.

ఇష్టమైన పుస్తకానికి మాత్రం గూగుల్ డాక్స్ ఓసీఆర్‌తో (బొమ్మలోని అచ్చుని టైపు అక్షరాలుగా మార్చే సదుపాయం) అక్షరాలు తీసి దిద్దుతున్నాను. పేజీకి పావుగంట పడుతుంది. ప, వ తారుమారవుతాయి, థలో చుక్క ఎగిరిపోయి ధ అవుతుంది, అరసున్నలు మాయమవుతాయి. అందుకే స్కాన్ ఒక పక్క, టైపు ఒక పక్క పెట్టుకుని వరుసవారీగా చూస్తాను. ఓపిక కావాలి, కానీ పాత తెలుగుని ఇంత దగ్గరగా ఇంతకుముందెప్పుడూ చదవలేదు. ఒక పుస్తకం సగం పైగా అయింది.

నిఘంటువు కూడా పెట్టాను, బ్రౌన్‌ది, కోరీడర్ చదవగలిగే స్టార్‌డిక్ట్ అనే ఫైలు రూపంలో. మాట మీద వేలు నొక్కి ఉంచితే అర్థం వస్తుంది, అయితే అది మూలరూపంలో ఉండాలి. ‘ఊళ్లలో’ అని వెతికితే దొరకదు, ‘ఊరు’ అని మార్చి వెతకాలి. మాటని సవరించి మళ్లీ వెతికే వీలు కోరీడర్‌లోనే ఉంది, నాలుగు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

వచ్చే నెల పద్యాల పని. అక్షరం పెంచితే పాదం మధ్యలో విరిగి కింది వరుసలోకి జారుతోంది. విరిగిన భాగం కాస్త లోపలికి జరిగి వచ్చేలా పద్యాలకి వేరే స్టైల్ రాసి, ముందు సీసపద్యం మీద పరీక్షించాలి, పొడవైన పాదాలు దానివే కాబట్టి.