చిన్న డబ్బా, బుల్లి చెంచా

640. రిపోర్టులో ఆ అంకె పక్కనే నల్లగా ఒక బాణం, పైకి.

మొన్న ల్యాబ్‌లో డబ్బా ఇచ్చినప్పుడు, మూతకే అతికించి ఉన్న బుల్లి చెంచా చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చూస్తారట. పేగు వాచినప్పుడు తెల్ల రక్తకణాలు వదిలే ప్రొటీన్. మామూలుగా గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపే ఉండాలి.

ఇన్నాళ్లూ "టెన్షన్ వల్లేలే" అన్నవాళ్లందరికీ ఈ కాగితం చూపించాలనిపించింది. వాపు ఉందంటే సంతోషపడిన మనిషిని నేనేనేమో!

అయితే అది ఏ జబ్బో ఈ అంకె చెప్పదు. పేగుల్ని ఏళ్ల తరబడి వాచేలా చేసే జబ్బులు రెండున్నాయి: క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్. వాటిలో ఏదో తేలాలంటే కొలొనోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసి, చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపాలి.

ఎల్లుండే అది. గొట్టం సంగతి సరే, ముందురోజు తాగాల్సిన ఆ విరేచనాల మందంటేనే భయం. రేపు రాత్రంతా మెలకువగానే ఉంటా, ఫోన్ చేయండి.