స్టోరేజ్ ట్రాఫిక్‌కి ప్రాధాన్యం 4 ఇస్తే వైరు మీద 0 కనపడింది: నా అనుభవం

రాత్రి 11కి బ్యాకప్ మొదలైతే చాలు, మా డేటాబేస్ కమిట్లు (మార్పుల్ని డిస్కులో ఖాయం చేసే రైట్లు) నత్తనడక నడిచేవి. పగలు ఒక మిల్లీసెకను లోపే అయిపోయే రైట్ కొన్నిసార్లు 200 మిల్లీసెకన్లు దాటిపోయేది. 50 కాదు, 80 కాదు, ప్రతిసారీ 200 పైన కొంచెం. ఆ అంకె చూశాకే నాకు డిస్కుల మీద అనుమానం పోయింది. ఎందుకంటే లినక్స్ టీసీపీలో (డేటాని ప్యాకెట్లుగా పంపి, చేరనివాటిని మళ్లీ పంపే పద్ధతి) పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే ముందు ఆగే కనీస సమయం 200 మిల్లీసెకన్లు. డిస్కు బాగానే ఉంది, దారిలో ఎక్కడో ప్యాకెట్లు పడిపోతున్నాయి.

మా దగ్గర డేటాబేస్ సర్వర్లు ఒక ర్యాక్‌లో ఉంటాయి, స్టోరేజ్ బాక్సులూ బ్యాకప్ సర్వరూ ఇంకో ర్యాక్‌లో. రెండు ర్యాక్‌ల మధ్య అప్‌లింకులు అందరికీ ఉమ్మడి. స్టోరేజ్ ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీ, అంటే సర్వర్ కర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) ఉన్న డ్రైవరే స్టోరేజ్ బాక్సు 4420 పోర్టుకి టీసీపీ కనెక్షన్లు తెరిచి, అక్కడి డిస్కుని ఇక్కడ సొంత డిస్కులాగా చూపిస్తుంది. స్టోరేజ్‌కి ఒక వీలాన్ (ఒకే వైరు మీద విడిగా నడిచే నెట్‌వర్క్), బ్యాకప్‌కి వేరే వీలాన్ పెట్టాం కాబట్టి రెండూ ఒకదానికొకటి అడ్డు రావని టీంలో చాలామంది అనుకున్నారు. కానీ వైరు ఒకటే, స్విచ్ పోర్టు దగ్గర క్యూ కూడా ఒకటే. బ్యాకప్ పెద్ద పెద్ద ముక్కలు తోసేస్తుంటే మధ్యలో చిన్న కమిట్ రైట్ ఒకటి పడిపోతుంది, దాని వెనకాల వేరే ప్యాకెట్ ఏదీ రాదు కాబట్టి అది పోయిందని అవతలివాళ్లకి తెలిసే దారి ఉండదు, ఇక టైమర్ మోగేదాకా కూర్చోవడమే.

చేయాల్సింది ఏమిటో తెలుసు. స్టోరేజ్ ప్యాకెట్లని స్విచ్‌లో వేరే క్యూలోకి పంపాలి. ప్రతి ప్యాకెట్‌కి తగిలించే వీలాన్ ట్యాగ్‌లో సమాచారం రాసే భాగం 16 బిట్లు, అందులో 12 వీలాన్ నంబరుకి, 3 ప్రాధాన్యానికి. ఆ 3 బిట్లలో 0 నుంచి 7 దాకా ఏది రాస్తే స్విచ్ ఆ క్యూలో వేస్తుంది. మేం 4 ఎంచుకున్నాం. డ్రైవర్ తెరిచే సాకెట్లన్నిటికీ (టీసీపీ కనెక్షన్‌కి ఇటువైపు కొసలు) ప్రయారిటీ పెట్టడానికి ఎన్‌వీఎంఈ టీసీపీ మాడ్యూల్‌లో ఎస్‌ఓ ప్రయారిటీ అని ఒక పారామీటర్ ఉంది, దానికి 4 ఇచ్చాను. కర్నెల్ లోపల ఉండే ప్రయారిటీ నంబరు ట్యాగ్‌లోకి దానంతట అదే పోదు, వీలాన్ ఇంటర్‌ఫేస్‌కి ఈగ్రెస్ మ్యాప్ (లోపలి ఏ నంబరుకి ట్యాగ్‌లో ఏది రాయాలో చెప్పే పట్టిక) చెప్పాలి, లేకపోతే అన్నీ 0 గానే వెళ్తాయి. అది కూడా 4కి 4 అని పెట్టాను. నెట్‌వర్క్ టీం వాళ్లు తమ మానిటరింగ్ కోసం డీఎస్‌సీపీ (ఐపీ హెడర్‌లో ఉండే ప్రాధాన్యపు గుర్తు) 26 కూడా వేయమన్నారు. కనెక్ట్ చేసేటప్పుడు టాస్ (డీఎస్‌సీపీ పై 6 బిట్లలో ఉండే బైటు) ఆప్షన్‌కి 104 ఇస్తే అదే అవుతుంది కాబట్టి అది కూడా కలిపేశాను. పారామీటర్ మార్చినా పాత సాకెట్లకి వర్తించదని తెలుసు, అందుకని డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేశాను.

ఆ రాత్రి కూడా అదే 200.

మర్నాడు పొద్దున నెట్‌వర్క్ టీంలో అతను ఫోన్ చేసి "అన్నా, 26 కనపడుతోంది గానీ 4వ క్యూలో ఒక్క ప్యాకెట్ కూడా లేదు, నీ ట్రాఫిక్ అంతా 0లోనే వస్తోంది" అన్నాడు. నేను నమ్మలేదు. టీసీపీడంప్‌లో (ప్యాకెట్లని పట్టి చూపించే టూల్) ఈథర్నెట్ హెడర్ కూడా చూపించమని పెట్టి చూస్తే నిజమే, వీలాన్ నంబరు పక్కన పి 0 (పి అంటే ప్రాధాన్యం). మ్యాప్ సరిగా ఉందా అని ప్రోక్ (కర్నెల్ తన లోపలి సంగతులు చూపించే ఫోల్డర్) కింద వీలాన్ ఫైల్ చూశాను, 4కి 4 అని ఉంది. మాడ్యూల్ పారామీటర్ చూశాను, 4 ఉంది. స్విచ్‌లో ట్యాగ్ బదులు డీఎస్‌సీపీని చూసి క్యూ ఎంచుకునేలా మార్చమని అడిగితే ఆ పోర్టుల మీద వేరేవాళ్ల ట్రాఫిక్ కూడా ఉంది, మార్పుకి అనుమతి రావడానికి రెండు వారాలు పడుతుంది అన్నారు. పైవాళ్ల నుంచి రోజూ ఫోన్లు, నిజంగా టెన్షన్ పడ్డాను.

రెండు రోజులు కాన్ఫిగ్ ఫైళ్ల చుట్టూనే తిరిగాను. మూడో రోజు బీపీఎఫ్‌ట్రేస్‌తో (నడుస్తున్న కర్నెల్ లోపల ఏం జరుగుతోందో చూసే టూల్), ప్యాకెట్ ఇంటర్‌ఫేస్‌కి వెళ్లే చోట కర్నెల్‌లో ఒక ప్రోబ్ పెట్టి, ఆ వీలాన్ ఇంటర్‌ఫేస్ మీద ఏ ప్రయారిటీతో ఎన్ని ప్యాకెట్లు వెళ్తున్నాయో లెక్కపెట్టించాను. 4 అయితే మ్యాప్‌లో తప్పు, 0 అయితే పారామీటర్ పనిచేయట్లేదు అని ముందే అనుకున్నాను. వచ్చింది 2. ఎవరూ ఎక్కడా 2 అని రాయలేదు! ఆ 2 కనపడింది కాబట్టే దారి దొరికింది, ఎందుకంటే అది ఎక్కడినుంచో లెక్క కట్టగా వచ్చిన అంకె అని అప్పుడు అర్థమైంది.

డ్రైవర్ సోర్స్ తెరిచి క్యూ తయారుచేసే ఫంక్షన్ చదివాను. మేం వాడే వెర్షన్‌లో వరస ఇలా ఉంది: ముందు సాకెట్‌కి ప్రయారిటీ పెడుతుంది, దాని తర్వాత టాస్ ఆప్షన్ ఇచ్చి ఉంటే టాస్ పెడుతుంది. చూడటానికి రెండూ వేర్వేరు పనులే. కానీ టాస్ పెట్టే ఐపీ ఫంక్షన్ లోపలికి వెళ్తే, టాస్ విలువ మారినప్పుడల్లా అది సాకెట్ ప్రయారిటీని కూడా టాస్ నుంచి కొత్తగా లెక్కగట్టి పాతదాని మీద రాసేస్తుంది. ఆ లెక్క డీఎస్‌సీపీ కంటే ముందు కాలంనాటి టాస్ అర్థాల ప్రకారం ఉంటుంది. 104ని బిట్లలో రాస్తే 01101000. అందులో 00011110 ఉన్నచోట్ల బిట్లు మాత్రమే తీసుకుంటే మిగిలేది 8, దాన్ని సగం చేస్తే 4, పట్టికలో 4వ గడిలో ఉన్నది బల్క్ అనే తరగతి, దాని నంబరు 2. అంటే మిగతావాటికంటే ముందు వెళ్లాలని నేను గుర్తు పెట్టిన ట్రాఫిక్‌ని కర్నెల్ నిదానంగా వెళ్లినా పర్వాలేదు అనే కోవలో వేసింది. ఇక మ్యాప్‌లో 2కి ఏమీ రాయలేదు కాబట్టి వైరు మీదకి 0 వచ్చింది. రెండు సెట్టింగులూ విడివిడిగా సరైనవే. కలిపితే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తోంది, ఎక్కడా ఒక్క వార్నింగ్ కూడా లేదు. ఇది పట్టుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టెస్ట్ మెషీన్ మీద డ్రైవర్‌లో ఆ రెండింటి వరస తారుమారు చేసి బిల్డ్ చేసి చూశాను. టాస్ 104, ప్రయారిటీ 4, వైరు మీద పి 4, అంతా అనుకున్నట్టే. కానీ ప్రొడక్షన్‌లో సొంత ప్యాచ్ మోయాలంటే ప్రతి కర్నెల్ అప్‌డేట్‌కీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చేయాలి, నేను సెలవులో ఉంటే అది జరగదు. అందుకని మ్యాప్‌నే 2కి 4 అని మార్చాం. ఆ వీలాన్‌లో స్టోరేజ్ తప్ప వేరేది లేదు కాబట్టి ఇబ్బంది లేదు. ఎస్‌ఓ ప్రయారిటీ పారామీటర్ తీసేయించాను. పనిచేయని సెట్టింగ్ ఫైల్లో ఉంటే రేపు ఇంకొకరు దాన్ని చూసి మోసపోతారు.

స్విచ్‌లో 4వ క్యూకి పూర్తి ప్రాధాన్యం ఇవ్వొద్దని మాత్రం పట్టుబట్టాను, అలా ఇస్తే స్టోరేజ్ ఉధృతంగా ఉన్నప్పుడు బ్యాకప్‌కి వంతే రాదు. వాటాలు పంచాం. ప్రాధాన్యం వారీగా పాజ్ (రద్దీ ఉంటే కాసేపు ఆగమనే సందేశం) పంపే పద్ధతి కూడా ఆన్ చేద్దామని ఒకరు అన్నారు. ఎఫ్‌సీఓఈలో (ఫైబర్ ఛానల్ స్టోరేజ్‌ని ఈథర్నెట్ మీద నడిపే పద్ధతి) కింద టీసీపీ లేదు, ఫ్రేమ్ పోతే తట్టుకోలేదు, అక్కడ అది తప్పదు. మా అవసరానికి క్యూ వేరుగా ఉంటే చాలు, పాజ్ పెడితే ఒక పోర్టులో రద్దీ వెనక్కి పాకుతూ సంబంధం లేనివాళ్లని కూడా ఆపేస్తుంది.

ఆ రాత్రి బ్యాకప్ టైంలో కమిట్లు 200 దగ్గరికి వెళ్లలేదు. రెండు వారాల తర్వాత శనివారం రీస్టోర్ డ్రిల్ చేస్తుంటే మళ్లీ 200, ఈసారి రీడ్‌లలో. గుండె జారిపోయింది. ఆలోచిస్తే విషయం సూటిగానే ఉంది: రైట్ డేటా సర్వర్ నుంచి స్టోరేజ్‌కి వెళ్తుంది, రీడ్ డేటా స్టోరేజ్ నుంచి సర్వర్‌కి వస్తుంది, రీస్టోర్ ట్రాఫిక్ కూడా అటువైపు నుంచే వస్తుంది, మ్యాప్ మార్చింది సర్వర్లలో మాత్రమే. మా స్టోరేజ్ బాక్సులు కూడా లినక్సే. అక్కడి టార్గెట్ డ్రైవర్, కనెక్షన్‌తో వచ్చిన టాస్‌ని తీసుకుని తన సాకెట్‌కి కూడా అదే పెట్టుకుంటుంది, కాబట్టి అక్కడ కూడా ప్రయారిటీ అప్పటికే 2 అయిపోయి ఉంది. వాటి వీలాన్ ఇంటర్‌ఫేస్‌లలో కూడా 2కి 4 పెట్టాం, సాకెట్లని ముట్టుకోకుండానే రీడ్‌లు దారికొచ్చాయి.

ఇప్పుడు ఏ కర్నెల్ అప్‌డేట్ చేసినా రెండు వైపులా టీసీపీడంప్ పెట్టి పి 4 కళ్లారా చూశాకే మెషీన్‌ని వాడకంలోకి ఇస్తున్నాం. ఇంకా మిగిలింది పాత ఐస్కజీ (నెట్‌వర్క్ మీద డిస్కుని అందించే ఇంకో పద్ధతి) వాల్యూములు. వాటి సాకెట్‌ని తెరిచేది కర్నెల్ డ్రైవర్ కాదు, యూజర్‌స్పేస్‌లోని (కర్నెల్ బయట) డీమన్, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాం, తెరిచి కర్నెల్‌కి అప్పగిస్తుంది, కాబట్టి ఈ చిట్కా అక్కడ నడవదు. 3260 పోర్టుకి వెళ్లే ప్యాకెట్లకి టీసీ (లినక్స్‌లో ట్రాఫిక్‌ని అదుపుచేసే టూల్) ఫిల్టర్‌తో ప్రయారిటీ వేసే పని ఈ వారం మొదలుపెట్టాను.