బాబాయి ల్యాప్‌టాప్‌కు స్టోర్ తాళం

పోయిన నెలలో మా బాబాయి తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "బ్రౌజర్ తెరిస్తే చాలు, నేను ఏదో గెలుచుకున్నానని చెబుతోంది. నేనేమీ ముట్టుకోలేదు" అన్నారు. ముట్టుకున్నారని పది నిమిషాల్లోనే తేలింది. ఒక పీడీఎఫ్ ఫైలును వర్డ్ ఫైలుగా మార్చుకోవడానికి వెతికి, ఫలితాలన్నిటికీ పైన కనిపించిన ప్రకటనను నొక్కి, అక్కడ ఉచితమన్న ప్రోగ్రామును డౌన్‌లోడ్ చేసుకుని, ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు అది అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓకే కొట్టుకుంటూ పోయారు. ఆ ప్రోగ్రాము ఫైలునైతే మార్చిపెట్టింది గానీ, దాంతోపాటే బ్రౌజర్ హోమ్ పేజీనీ, సెర్చ్ ఇంజిన్‌నూ మార్చేసి, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ తానే ముందుగా మొదలయ్యే ఏర్పాటు కూడా చేసుకుంది.

అంతా శుభ్రం చేశాక, విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాప్‌లను ఎక్కడి నుంచి తెచ్చుకోవచ్చో నిర్ణయించే చోటికి వెళ్లి, "ఎక్కడి నుంచైనా" అన్నది తీసేసి "మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి మాత్రమే" అన్నది పెట్టాను. పెడుతున్నప్పుడు కొంచెం సిగ్గేసింది. డబ్బు పెట్టి కొనుక్కున్న కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాము నడవాలో తయారీదారు నిర్ణయించడం తప్పని చాలా ఏళ్లుగా మిత్రులతో వాదిస్తూ వచ్చిన మనిషిని నేను. అదే తాళాన్ని స్వయంగా, అదీ నాకంటే పెద్దవారి కంప్యూటర్‌కు, నా చేతులతోనే వేశాను. ఆ సిగ్గు ఎంతవరకు న్యాయమైనదో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

డెస్క్‌టాప్ కంప్యూటర్లలో అనాదిగా ఒక పద్ధతి ఉంది. మనం నడిపే ప్రతి ప్రోగ్రాముకూ మనకున్న అధికారాలన్నీ సంక్రమిస్తాయి. కాలిక్యులేటర్ కావాలని తెచ్చుకున్నది మన ఫొటోలను, ఉత్తరాలను, పన్ను పత్రాలను చదవగలదు, కావాలంటే చెరిపేయగలదు. ఫోన్లు వచ్చాక ఈ పద్ధతి మారింది. 2008 జూలైలో ఆపిల్ యాప్ స్టోర్ సుమారు 500 యాప్‌లతో మొదలైనప్పుడు, ఒక్కొక్క యాప్‌నూ దాని గదిలో దాన్ని బంధించి, గది దాటి ఏది కావాలన్నా అనుమతి అడిగేలా చేశారు. ఈ ఏర్పాటునే శాండ్‌బాక్స్ అంటారు. ఆ తరువాత కంప్యూటర్లు ఫోన్ల దారి పట్టాయి. 2011 జనవరిలో మ్యాక్‌కూ స్టోర్ వచ్చింది, 2012లో, బయటి నుంచి తెచ్చుకున్న ప్రోగ్రాముల సంతకం చూసి వదిలే గేట్‌కీపర్ వచ్చింది. అదే ఏడాది వచ్చిన విండోస్ ఆర్‌టీలో బయటి కంపెనీల ప్రోగ్రాములకు స్టోరే ఏకైక ద్వారం. 2017లో వచ్చిన విండోస్ 10 ఎస్ కూడా ఆ కోవలోదే.

వీటన్నిటినీ "భద్రత" అనే ఒకే మాటతో అమ్ముతారు గానీ, ఆ మాట వెనుక వేర్వేరు పనులున్నాయి. ఈ ప్రోగ్రామును ఎవరు తయారుచేశారో, మధ్యలో ఎవరైనా మార్చారో లేదో చెప్పేది డిజిటల్ సంతకం. అది వేటిని తాకవచ్చో నిర్ణయించేది శాండ్‌బాక్స్. స్టోర్ ఉద్యోగులో, వారి యంత్రాలో దాన్ని ముందే చూసి ఆమోదించడం ఇంకొక పని. మొదటి రెండింటికీ స్టోర్ ఒక్కటే దారి కానక్కరలేదు. బయటి నుంచి తెచ్చుకున్న ప్రోగ్రాముకూ సంతకం ఉండవచ్చు, దాన్నీ గదిలో పెట్టవచ్చు. "మా స్టోర్ నుంచి మాత్రమే" అనడానికి చెప్పే కారణమల్లా ఆ చివరి పని, అంటే ముందస్తు తనిఖీ. నా అనుభవంలోనూ, నమోదైన సంఘటనల్లోనూ బాగా బలహీనమైనది ఇదే.

2011లో చార్లీ మిల్లర్ అనే భద్రతా పరిశోధకుడు షేర్ల ధరలు చూపించే ఒక చిన్న యాప్ రాసి, ఆపిల్ తనిఖీ దాటించి స్టోర్‌లో పెట్టించాడు. ఆమోదం పొందని కోడ్‌ను బయటి సర్వర్ నుంచి తెచ్చుకుని నడిపే శక్తి ఆ యాప్‌లో దాగి ఉంది. లోపాన్ని చూపించినందుకు ఆపిల్ అతణ్ణి డెవలపర్ల జాబితా నుంచి తొలగించింది. 2015 సెప్టెంబరులో బయటపడిన ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ సంగతి ఇంకా విచిత్రమైనది. యాప్‌లు తయారుచేయడానికి వాడే ఎక్స్‌కోడ్ అనే పనిముట్టునే ఎవరో కలుషితం చేసి, చైనాలోని ఒక ఫైల్ షేరింగ్ సేవలో పెట్టారు. అసలుది డౌన్‌లోడ్ కావడానికి గంటలు పడుతోందని దాన్ని వాడిన నిజాయితీపరులైన డెవలపర్లు, తమకు తెలియకుండానే కలుషితమైన యాప్‌లు తయారుచేసి, తమ సొంత సంతకాలతోనే స్టోర్‌కు పంపారు. చైనాలో కోట్లమంది వాడే సందేశాల యాప్ వీచాట్ కూడా వాటిలో ఒకటి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తనిఖీ యంత్రం ఎంతని పట్టగలదు?

వీటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కనిపించిన నకిలీ లెడ్జర్ యాప్. లెడ్జర్ అంటే క్రిప్టో నాణేలను భద్రపరిచే ఒక చిన్న పరికరం. అది పోయినా పాడైనా తిరిగి డబ్బు పొందడానికి 24 పదాల వరుస ఒకటి ఇస్తారు, దాన్ని ఆ పరికరంలో తప్ప మరెక్కడా టైపు చేయకూడదు. నకిలీ యాప్ చేసిన పని చాలా సామాన్యమైనది. ఆ 24 పదాలూ ఇక్కడ నింపండి అని ఒక ఫారం చూపించింది. అది ఇతర ఫైళ్లను తాకనక్కరలేదు, గది గోడలు దూకనక్కరలేదు, వైరస్ పద్ధతులేవీ వాడనక్కరలేదు. స్టోర్‌లో ఉంది కదా అని నమ్మినవారు పదాలు నింపారు, 16కు పైగా బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నారు. బయట ఏదో వెబ్‌సైట్‌లో ఇదే ఫారం కనిపించి ఉంటే వారిలో కొందరైనా అనుమానించేవారు. అనుమానాన్ని జోకొట్టి నిద్రపుచ్చింది స్టోర్ ముద్రే.

విండోస్ 10 ఎస్ విడుదలైనప్పుడు, తెలిసిన రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాము) ఏదీ దానిమీద నడవదని మైక్రోసాఫ్ట్ చెప్పుకుంది. 2017 జూన్‌లో జెడ్‌డీనెట్ పత్రిక కోరిక మీద మాథ్యూ హికీ అనే పరిశోధకుడు దాన్ని పరీక్షించి, కొన్ని గంటల్లోనే ఆ కంప్యూటర్ మీద పూర్తి అధికారం సంపాదించాడు. అందుకు అతను వాడింది స్టోర్‌లో సగౌరవంగా దొరికే మైక్రోసాఫ్ట్ వర్డ్‌నే. వర్డ్ పత్రంలో మాక్రోలు రాయవచ్చు, మాక్రో అంటే ప్రోగ్రామే కదా. ఆమోదం పొందిన ప్రోగ్రాము తన కడుపులో ఆమోదం లేని ప్రోగ్రాములను నడపగలిగినంత కాలం, జాబితా చూసి లోపలికి వదిలే కాపలాకు ఆ మేరకే విలువ.

ఇంత చెప్పాక తాళం వ్యర్థమంటానేమో అనుకోవద్దు. బాబాయి తెచ్చుకున్నలాంటి చిల్లర ప్రోగ్రాముల్లో చాలామటుకు తనిఖీ దాకా రావు, కొన్ని సంతకం అడిగితేనే తప్పుకుంటాయి. పొట్టకూటి మోసాలను ఆపడానికి పొట్టి గోడ కూడా ఉపయోగపడుతుంది. గోడ ఎత్తు గురించి నాకు పేచీ లేదు. గేటు దగ్గర ఎవరు కూర్చున్నారు, వారిని మార్చే వీలు మనకుందా అన్నదగ్గరే నా పేచీ.

2020 నవంబరు 12న మ్యాక్‌లు వాడేవారికి ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. ఆ రోజు కొత్త మ్యాక్ఓఎస్ బిగ్ సర్ విడుదలైంది. ప్రపంచమంతటా, దాన్ని వేసుకోనివారి కంప్యూటర్లలో కూడా, యాప్ నొక్కితే తెర అడుగున ఉండే డాక్ అనే వరుసలో దాని బొమ్మ ఎగురుతూనే ఉంది తప్ప యాప్ మాత్రం తెరుచుకోలేదు. ప్రతి యాప్ తెరుచుకునే ముందు దాని డెవలపర్ సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందా అని ఆపిల్ సర్వర్‌ను అడుగుతుందనీ, ఆ రోజు ఆ సర్వర్ భారంతో నత్తనడక నడిచిందనీ అప్పుడుగానీ చాలామందికి తెలియలేదు. ఇంటర్నెట్ ఆపేస్తే యాప్‌లు వెంటనే తెరుచుకున్నాయి. అడగడానికి ఎవరూ దొరకకపోతే అనుమతి ఉన్నట్టే లెక్క! తన బల్ల మీదున్న యంత్రంలో, తాను ఎప్పుడో కొనుక్కున్న ప్రోగ్రాము తెరవడం కూడా ఎక్కడో ఉన్న మరొకరి ఆరోగ్యం మీద ఆధారపడి ఉందని గ్రహించడం సుఖమైన అనుభవం కాదు.

గేటు ఒక్కటే అయినప్పుడు దాని మీద ఒత్తిడి తేవడమూ సులభమే. 2017లో ఆపిల్ చైనా స్టోర్ నుంచి, ప్రభుత్వ ఇంటర్నెట్ ఆంక్షలను దాటడానికి వాడే వీపీఎన్ యాప్‌లు పోయాయి. 2019 అక్టోబరులో హాంకాంగ్ నిరసనల సమయంలో పోలీసులు ఎక్కడున్నారో చూపే మ్యాప్ యాప్‌ను ఆపిల్ తొలగించింది. అప్పట్లో ఐఫోన్‌లో యాప్‌కు వేరే దారి లేదు కాబట్టి, అక్కడ తీసేస్తే ఇక లేనట్టే. స్టోర్లు తీసుకునే ముప్పై శాతం కమిషన్ల గొడవ నేను ఎత్తుకోను, దాని గురించి కోర్టుల్లో కావలసినంత చర్చ జరుగుతోంది.

విండోస్‌కు, మ్యాక్‌కు బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థను వాడేవారు ఈ చిక్కును ఎప్పుడో వేరే రకంగా విప్పుకున్నారు. డెబియన్ లాంటి పంపిణీల్లో (లినక్స్‌ను కూర్చి పంచే రూపాల్లో) ప్యాకేజీలన్నీ, అంటే ప్రోగ్రాములన్నీ, ఒక భాండాగారం నుంచే వస్తాయి, వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులు ఉంటారు, సంతకాలు సరిచూస్తారు. ఏ విధంగా చూసినా అది స్టోరే. కానీ ఇంకొక భాండాగారాన్ని నమ్మాలనుకుంటే ఒక ఫైలులో ఒక వరుస చేర్చి, దాని తాళంచెవిని నమోదు చేస్తే సరిపోతుంది. అక్కడా ప్రమాదాలు లేకపోలేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఒక చిన్న కోడ్ లైబ్రరీలో ఎవరో ఓపికగా దొంగదారి పెట్టి, కొన్ని పంపిణీల పరీక్షా రూపాల దాకా చేర్చారు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి, లోపలి నుంచి తవ్వుకుంటూ వెళ్లాడు. అలా తవ్వడానికి కావలసింది, ప్రతి పనిముట్టుకూ ఎవరి అనుమతీ అడగని యంత్రం. దాడి చేసేవారికే కాదు, కాపాడేవారికీ తెరిచిన కంప్యూటర్ కావాలన్న సంగతి ఈ చర్చల్లో ఎవరూ పెద్దగా ఎత్తరు.

నా వాదనకు గట్టిగా అడ్డుపడేది ఒకే ఒక్కటి, అది ఫోన్ చేసే మోసగాడు. యజమానే తాళం తీయగలిగితే, యజమాని చేతే తీయించే నేర్పు అతనికుంది. "ఆ హెచ్చరిక అందరికీ వస్తుంది, దాని కింద ఉన్నది నొక్కండి" అంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కిస్తాడు. 2025 ఆగస్టులో గూగుల్, ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయట యాప్‌లు పంచే డెవలపర్లు కూడా తమ గుర్తింపు నిరూపించుకోవాలని ప్రకటించింది. దాన్ని సమర్థించుకోవడానికి ముందుకు తెచ్చిన కారణాల్లో ఇదొకటి. విమర్శలు వచ్చాక, అనుభవజ్ఞులకు వేరే దారి ఉంచుతామని కూడా చెప్పింది. ఆ కారణాన్ని నేను కొట్టిపారేయలేను. అయితే అలాంటి మోసగాళ్లకు బయటి ప్రోగ్రాము అవసరమే లేదన్నదీ నిజం. దూరం నుంచి సహాయం చేయడానికి విండోస్‌తోపాటే వచ్చే క్విక్ అసిస్ట్‌ను నేరగాళ్లు వాడుకుంటున్నారని 2024 మేలో మైక్రోసాఫ్టే హెచ్చరించింది.

ఫోన్‌లో వినిపించే తొందరకు విరుగుడు జాప్యమే. ఈ విషయంలో గూగుల్ వ్యవస్థతో నడిచే ల్యాప్‌టాప్‌లైన క్రోమ్‌బుక్‌ల పద్ధతి నాకు నచ్చింది. సొంత క్రోమ్‌బుక్‌లో, ఆ తాళాలు తీసేసే డెవలపర్ మోడ్‌లోకి ఎవరైనా మారవచ్చు, కానీ మారేటప్పుడు యంత్రంలో ఉన్న డేటా అంతా చెరిగిపోతుంది, ఆ తరువాత ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక తెర కనిపిస్తుంది. యజమానికి దారి ఉంది, మోసగాడికి లోపల దొరికేది లేదు. విండోస్ 10 ఎస్ తరువాత దాని స్థానంలో వచ్చిన ఎస్ మోడ్ సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఒక్క నొక్కుతో, ఖర్చు లేకుండా బయటికి రావచ్చు, తిరిగి లోపలికి మాత్రం పోలేరు.

బాబాయి విషయంలో చివరికి ఆయన రోజూ వాడుకునేదాన్ని మామూలు ఖాతాగా మార్చి, అడ్మిన్ ఖాతా వేరుగా పెట్టాను. కొన్ని ప్రోగ్రాములు అడ్మిన్ అనుమతి లేకుండానే వాడుకరి ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అవుతాయి కాబట్టి స్టోర్ తాళం కూడా ఉంచాను. వారం తిరగకుండానే ఆయన పాత స్కానర్‌తో చిక్కు వచ్చింది. దాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే డ్రైవర్ ప్రోగ్రాము స్టోర్‌లో లేదు. నేనే వెళ్లి, తాళం తీసి, తయారీదారు సైట్ నుంచి ఇన్‌స్టాలర్ తెచ్చి, దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకాల ట్యాబ్ తెరిచి, సంతకం ఆ కంపెనీదేనని ఆయనకు చూపించి, ఇన్‌స్టాల్ చేసి మళ్లీ తాళం వేశాను. అంతా చూస్తూ కూర్చుని, "అయితే ఇకమీదట నా కంప్యూటర్‌లో ఏం పెట్టుకోవాలన్నా నిన్ను అడగాలన్నమాట" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఇన్నేళ్లుగా నేను కంపెనీల మీద వేస్తూ వచ్చిన నింద అదే కదా. అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఆయన బీరువాలోనే పెట్టించాను. ఫోన్‌లో ఎవరైనా తొందరపెడుతుంటే మాత్రం ముందు ఫోన్ పెట్టేసి, మర్నాడు కవరు విప్పమన్నాను.

నిన్న సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. స్టోర్‌లో ఉన్న చదరంగం ఆటలన్నీ ప్రకటనలతో విసిగిస్తున్నాయట, ఎవరో మిత్రుడు చెప్పిన ఉచిత ప్రోగ్రాము కోసం కవరు విప్పారట. "నువ్వు చూపించినట్టే రైట్ క్లిక్ చేశాను, ఆ సంతకాల ట్యాబే కనిపించడం లేదు. పెట్టుకోనా, వద్దా?" అని అడిగారు. సంతకం కోసం ఏటా డబ్బు కట్టే స్తోమత లేక, ఉత్సాహం కొద్దీ రాసి ఉచితంగా పంచే మంచి ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయని నాకు తెలుసు. సంతకం లేని చెత్త వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందనీ తెలుసు. ఏం చెప్పాలో తోచక, ఏ సైట్ నుంచి తెచ్చుకున్నారో చదవమన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆ అడ్రసును ఒక్కొక్క అక్షరమే చదవడం మొదలుపెట్టారు.