గేటు వాల్వును సగం బిగించి వదిలేయకండి

బోర్లో నీళ్లు తగ్గాయంటే, మోటారు నీళ్లు లేకుండా తిరుగుతుందేమోనన్న భయంతో చాలామంది గేటు వాల్వును సగం బిగించి వదిలేస్తారు. ఉద్దేశం సరైనదే, కానీ ఆ పని ఆ వాల్వుది కాదు. దాని లోపల ఒక లోహపు పలక తాను ఆనే రెండు అంచుల (సీట్ల) మధ్య పైకీ కిందికీ నడుస్తుంది. పూర్తిగా ఎత్తితే నీటికి అడ్డే ఉండదు. సగంలో ఆపితే పలక అంచు కింద నుంచి నీళ్లు జోరుగా దూకుతాయి, పలక అదురుతూ కొట్టుకుంటుంది, బోరు ఇసుక సీటును అరగదీస్తుంది. కొన్నాళ్లకు చక్రం ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది.

తగ్గించి వదలాల్సిన చోట గ్లోబ్ వాల్వు పెట్టండి. అందులో బిళ్ల నేరుగా సీటు మీదికి దిగుతుంది కాబట్టి తిప్పిన మేరకు నీళ్లు తగ్గుతాయి. బాడీ మీద బాణం గుర్తు నీళ్లు పారే వైపే ఉండాలి. నీటి దారి లోపల వంకర తిరుగుతుంది గనక పూర్తిగా తెరిచినా కొంత ప్రెషర్ పోతుంది, అవసరం లేని చోట దీన్ని పెట్టొద్దు. బిగిస్తే మోటారు మీద లోడు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. మామూలు బోరు పంపుల్లో చాలావాటికి నీళ్లు తగ్గేకొద్దీ ఆంపియర్లు కూడా తగ్గుతాయి. పూర్తిగా మూసి మాత్రం నడపకూడదు, పంపులో నిలిచిన నీళ్లు వేడెక్కి, నీళ్లను తోసే ఇంపెల్లర్లు, బుష్షులు పాడవుతాయి.

గేటు వాల్వు స్పిండిల్ (చక్రం తిప్పే కడ్డీ) దగ్గర చుక్కలు పడుతుంటే వాల్వు మార్చేయకండి. ఆ కడ్డీ చుట్టూ ఉండే గ్లాండ్ నట్టు పావు చుట్టు బిగించి చూడండి. ఆగకపోతే మోటారు ఆపి, నట్టు విప్పి, గ్రాఫైట్ దారం రెండు మూడు చుట్లు వేసి మళ్లీ బిగించండి. పూర్తిగా తెరిచాక అర చుట్టు వెనక్కి తిప్పి ఉంచితే చక్రం పట్టేయదు.

పైపులు పగలడానికి తరచూ కారణమయ్యే వాటిలో ఒకటి బాల్ వాల్వు. దాన్ని తప్పుపట్టడానికి లేదు, మూసే చెయ్యి తొందరపడుతుంది. లోపల రంధ్రమున్న గుండు పావు చుట్టు తిరిగితే చాలు, పారే నీళ్లు ఠక్కున ఆగిపోతాయి. సెకనుకు మీటరున్నర వేగంతో వచ్చే నీటిని అలా ఆపితే పీవీసీ లైనులో దాదాపు 4 కేజీల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు) అదనంగా పుడుతుంది. అప్పటికే 2 కేజీలున్న లైను 6 కేజీలకు చేరుతుంది, మనం వేసిందేమో 4 కేజీల పైపు! ముందుగా ఊడేది ఎల్బో దగ్గరి అతుకే. మడి మార్చేటప్పుడు ముందు కొత్త వాల్వు తెరిచి, తర్వాతే పాతది పదీ పదిహేను లెక్కపెడుతూ మెల్లగా మూయండి.

మోటారు ఆగినప్పుడు పైపులో నీళ్లు వెనక్కి పడకుండా పట్టి ఉంచేది ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వు). దాని ఫ్లాప్ కింద చిన్న గులకరాయి ఇరుక్కున్నా నీళ్లు బోర్లోకి జారుతూ పంపును వెనక్కి తిప్పుతాయి. సరిగ్గా ఆ సమయానికి కరెంటొచ్చి ఆటో స్టార్టర్ మోటారును లేపితే షాఫ్టు మెలితిరుగుతుంది, కప్లింగ్ విరుగుతుంది. స్టార్టర్‌లో ఒకట్రెండు నిమిషాల ఆలస్యం పెట్టుకోవడం చవకైన కాపలా. మోటారు ఆపాక బోరు మూతి దగ్గర చెవి పెట్టండి, బుడబుడమని చప్పుడు ఆగకుండా వస్తుంటే ఎన్‌ఆర్‌వీ విప్పి చూడాల్సిందే.

బావి మీది మోటారుకు ఇదే పని నీళ్లు లాగే పైపు కింది కొసన ఉండే ఫుట్ వాల్వు చేస్తుంది. ప్రైమింగ్ చేశాక (మోటారు వేసే ముందు పైపులో నీళ్లు నింపాక) గరాటాలో నీటి మట్టం దిగిపోతుంటే ఫుట్ వాల్వులో ఆకో పుల్లో ఇరికిందన్నమాట, లేదా వాషరు అరిగింది. ఫుట్ వాల్వును బావి నేల నుంచి కనీసం ఒక అడుగు ఎత్తున ఉంచితే బురద లాగదు.

చివరగా ఎయిర్ వాల్వు. డబ్బులు మిగులుతాయని చాలామంది వదిలేసేది దీన్నే. లైను నిండేటప్పుడు గాలిని బయటికి పంపుతుంది, మోటారు ఆగినప్పుడు గాలిని లోపలికి తీసుకుంటుంది. ఇది లేకపోతే డ్రిప్ లైన్లలో పుట్టే పీల్పుకు డ్రిప్పర్ చుట్టూ ఉన్న బురద నీళ్లే లోపలికి వెళ్లి, రంధ్రాలు మూసుకుపోతాయి. లైనులో అన్నిటికంటే ఎత్తైన చోట నిలువుగా బిగించండి. లైను నిండాక కూడా అది కారుతుంటే మూత విప్పి, లోపలి బంతినీ అది ఆనే రబ్బరు రింగునూ కడిగి, తిరిగి పెట్టండి.